పిక్క లోపలి పగ్గాలు

భైంసా మార్కెట్ యార్డులో సోయా సీజను. లారీ వెనక తలుపుకు ఏటవాలుగా ఆనించిన చెక్కబల్ల మీద హమాలీ అడుగు పెట్టాడు. వీపు మీద బస్తా, నెత్తికి చుట్టిన తువ్వాలు, కాళ్లకు ఏమీ లేదు. చూసేవాళ్ల కళ్లు మామూలుగా బస్తా మీదికో, వంగిన నడుము మీదికో పోతాయి. ఒక్కసారి చూపు కిందికి దించి చీలమండ దగ్గర నిలపాలి. బల్ల ఊగినప్పుడల్లా పాదం లోపలి అంచు వెంట్రుకవాసి లేస్తుంది, మళ్లీ దిగుతుంది. మడమ ఓసారి అటు, ఓసారి ఇటు సర్దుకుంటుంది. ఇదంతా ఆ మనిషి ఆలోచించి చేస్తున్నది కాదు. ఆయన దృష్టి లారీ మీద ఉంది. ఆ సర్దుబాటు పని పిక్కలో బాగా లోపల, ఎముకకు అంటుకుని ఉన్న కండరాలది.

తెలుగువాళ్లు పిక్కను చిన్నచూపు చూసిందేమీ లేదు. పరుగెత్తేవాడి బలాన్ని పిక్కబలం అన్నాం. కబడ్డీ కూతకు వెళ్లేవాణ్ని చూడగానే ముందు పిక్కలే చూస్తాం. అయితే మనకు కనిపించే ఆ ఉబ్బు పైపొర మాత్రమే. పైన గాస్ట్రాక్నీమియస్, దాని కింద పలకలాంటి సోలియస్. రెండూ కలిసి మడమ వెనక లావుపాటి తాడుగా దిగుతాయి. మడమను నేల మీంచి ఎత్తే బలంలో చాలా భాగం ఈ రెండింటిదే. వాటిని పక్కకు తప్పిస్తే ఒక దళసరి పొర వస్తుంది. ఆ పొర వెనకున్న నాలుగు కండరాలదే ఈ కథ.

పొలాల అమావాస్యకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరేగించే ప్రాంతం ఇది. ఇక్కడివాళ్లకు ఒక పోలిక చెబితే చాలు. పై కండరాలు ఎడ్లు, లోపలివి పగ్గాలు. బండి కదలడానికి ఎడ్లు కావాలి. బాట గుంతలో పడకుండా ఉండడానికి పగ్గం కావాలి.

ఆ పగ్గాలను చేత్తో పట్టి చూడొచ్చు. కుర్చీలో కూర్చుని కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకోండి. చీలమండ లోపలి వైపు ఎముక గుబ్బ ఉంటుంది. దాని వెనక గాడిలో రెండు వేళ్లు మెత్తగా ఆనించండి. ఇప్పుడు పాదాన్ని కొంచెం కిందికి వంచి, అరికాలు మీ ముఖం వైపు తిరిగేలా లోపలికి తిప్పండి. వేళ్ల కింద ఒక తాడు టక్కున బిగుస్తుంది. అదే టిబియాలిస్ పోస్టీరియర్. వేళ్లను ఇంకొంచెం వెనక్కి జరిపి, నాలుగు కాలివేళ్లను ముడిచి చూడండి. ఇంకో సన్నటి కదలిక. అది చిన్నవేళ్లను ముడిచే ఫ్లెక్సర్ డిజిటోరం లాంగస్. ఇంకాస్త వెనక నాడి కొట్టుకుంటుంది. దాని పక్కనే అరికాలికి స్పర్శనిచ్చే నరం. అన్నిటికంటే వెనక, లోతుగా, బొటనవేలిని ముడిచే ఫ్లెక్సర్ హలూసిస్ లాంగస్. ఆదిలాబాద్ రిమ్స్‌లోనైనా, 2023లో మొదలైన నిర్మల్ ప్రభుత్వ వైద్య కళాశాలలోనైనా మొదటి సంవత్సరం పిల్లలు ఈ వరుసను 'టామ్, డిక్ అండ్ వెరీ నర్వస్ హ్యారీ' అని బట్టీ పడతారు. టామ్ టిబియాలిస్, డిక్ డిజిటోరం, హ్యారీ హలూసిస్. మధ్యలోవి ధమని, సిర, నరం. ప్రపంచమంతా ఇదే పాట.

ఊళ్లో వీటన్నిటినీ నరాలే అంటాం. 'నరం పట్టేసింది' అంటే సగంసార్లు పట్టేసింది నరం కాదు, కండరమో దాని చివరి తాడో. నరం కబురు మోసే తీగ, తాడు బరువు లాగేది. ఈ తేడా తెలిస్తే నొప్పి ఎక్కడిదో డాక్టరుకు సరిగ్గా చెప్పగలుగుతాం.

నాలుగోది పాప్లిటియస్. మోకాలి వెనక మడతలో అడ్డంగా పడుకున్న చిన్న కండరం. నిటారుగా నిలబడ్డప్పుడు మోకాలు గొళ్లెం పెట్టినట్టు బిగుసుకుంటుంది. కూర్చోవాలంటే ముందు ఆ గొళ్లెం తీయాలి. ఆ పని దీనిది.

అసలు కథానాయకి టిబియాలిస్ పోస్టీరియర్. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. బడి పుస్తకాల్లో అంతర్జంఘిక, బహిర్జంఘిక అని చదువుకున్నవే. ఆ రెంటి మధ్య బిగించిన గట్టి పొరకు, రెండు ఎముకల వెనక వైపుకు అంటుకుని ఈ కండరం పుడుతుంది. పిక్కలో ఇంతకంటే లోతైన కండరం లేదు. చీలమండ వెనక గాడిలోంచి మలుపు తిరిగి అరికాలి కిందికి వెళ్లి, మర్రి వేరులా పాయలు పాయలుగా చీలి, పాదం నడుమ ఎముకలను కింది నుంచి పట్టుకుంటుంది. మన పాదంలో 26 ఎముకలున్నాయి. అన్నీ కలిసి ఒక వంపుగా నిలిచాయంటే దాన్ని పైకి లాగి పట్టేవాటిలో ఇది ముఖ్యమైనది.

ఒక్క అడుగులో పాదం రెండు వేషాలు వేయాలి. మడమ నేలను తాకగానే మెత్తబడి, రాయి మీదో మట్టిగడ్డ మీదో ఒదిగిపోవాలి. అరక్షణంలో బిగుసుకుని, ఒంటి బరువును ముందుకు నెట్టే గట్టి కర్ర కావాలి. మెత్తబడేటప్పుడు వంపు ఒక్కసారిగా కుంగిపోకుండా బ్రేకు వేసేదీ, తర్వాత వంపును ఎత్తి పాదాన్ని బిగించేదీ టిబియాలిస్ పోస్టీరియరే. వాన పడ్డ నల్లరేగడిలో నడిచినవాళ్లకు ఇది ఒంటికి తెలిసిన సంగతి. అరికాలికి పలకలు పలకలుగా మట్టి అంటుకుని, ప్రతి అడుగూ ఒక్కో ఎత్తున పడుతుంటే సాయంత్రానికి నొప్పి పిక్క పైన కాదు, ఎముక వెంట లోపలి వైపు మొదలవుతుంది.

ఈ తాడు తెగేదాకా చాలామంది దాన్ని పట్టించుకోరు. చీలమండ గుబ్బ దగ్గర అది మలుపు తిరిగే చోట నెత్తురు సరఫరా తక్కువ. నలభై దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, బరువు, షుగరు, బీపీ ఉన్నవాళ్లలో అక్కడే పీచు పీచుగా అరుగుతుంది. మొదట గుబ్బ వెనక వాపు, వంటింట్లో ఎక్కువసేపు నిలబడితే నొప్పి. తర్వాత పాదం వంపు మెల్లగా కుంగుతుంది. మడమ బయటికి ఒరుగుతుంది. గడప దగ్గర విడిచిన పాత చెప్పులే దీనికి సాక్ష్యం. ఒక చెప్పు లోపలి అంచు రెండోదానికంటే బాగా అరిగిపోయి ఉంటే అనుమానించాలి. ఇంకో పరీక్షకు ఖర్చేమీ లేదు. గోడను వేలితో ఆనుకుని ఒంటికాలి మీద మునివేళ్లపై లేవాలి. తాడు బాగుంటే మడమ లేస్తూ లోపలికి తిరుగుతుంది. చెడితే మడమ లేవదు, లేచినా లోపలికి తిరగదు. ఈ దశలో కనిపెడితే వంపుకు ఆసరా ఇచ్చే మెత్తలు, పట్టీలు, వ్యాయామాలతో చాలావరకు దారికొస్తుంది. పాదం పూర్తిగా కుంగి గట్టిపడ్డాక అంత సులువు కాదు. ఎముకలు కోసి సరిచేయాల్సి వస్తుంది.

పడుచు కాళ్ల బాధ వేరు. పోలీసు ఉద్యోగాల ప్రకటన రాగానే తెలంగాణలో ఏ ఊరి మైదానంలో చూసినా తెల్లవారుజామున పరుగులే. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు. అప్పటిదాకా పుస్తకాల ముందు కూర్చున్న కాళ్లను నెలరోజుల్లో రోడ్డు మీద దంచితే ముందుకాలి ఎముక లోపలి అంచు, కింది భాగంలో, సలుపుతుంది. సోలియస్‌తో పాటు లోతు కండరాలు కూడా ఎముక పైపొరను పదేపదే గుంజడం, ఎముకే వంగి వంగి అలసిపోవడం దీనికి కారణాలుగా చెబుతారు. జానెడు పొడవునా నొప్పి ఉంటే విశ్రాంతితో, పరుగును మెల్లమెల్లగా పెంచడంతో తగ్గుతుంది. వేలితో చూపించగలిగేంత ఒకేచోట నొప్పి ఉండి రాత్రి కూడా నిద్రపట్టనీయకపోతే ఎముకలో సన్నటి పగులు వచ్చి ఉండొచ్చు. అది మొదటి వారాల ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. 'రిపోర్టు బాగుంది కదా, పరుగెత్తు' అని పిల్లల్ని తరమడం తప్పు.

బొటనవేలి కండరం గొప్పతనం చూడాలంటే కూచిపూడి తరంగం చూడాలి. ఇత్తడి పళ్లెం అంచు మీద రెండు పాదాలూ పెట్టి, వేళ్లతో అంచును ఒడిసిపట్టి, తాళానికి తగ్గట్టు పళ్లాన్ని జరుపుతూ నాట్యం చేస్తారు. ఆ పట్టు పాదంలో పుట్టింది కాదు. వేళ్లను ముడిచే పెద్ద తాళ్లు అరికాలి కింద ఒకదాన్నొకటి దాటుకుని వెళ్తాయి. వాటిని లాగే కండరాలు మాత్రం జానెడు పైన పిక్కలో ఉంటాయి.

ఇక ప్రాణం మీదికి తెచ్చే సంగతి. మోకాలి కింది కాలు నాలుగు గదుల ఇల్లు. గోడలు సాగని పొరలు. లోతు కండరాలది అన్నిటికంటే లోపలి గది. ఎముక విరిగినా, ట్రాక్టరు చక్రం కింద కాలు నలిగినా ఆ గదిలో వాపు మొదలవుతుంది. గోడలు సాగవు కాబట్టి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. చివరికి కండరానికి నెత్తురు అందదు. కల్యాణ్ నుంచి నాందేడ్ మీదుగా వచ్చే 61వ నంబరు జాతీయ రహదారి భైంసా ఊళ్లోంచే నిర్మల్ వైపు పోతుంది. బండి ప్రమాదాలు ఇక్కడ కొత్త కాదు. కాలు విరిగిన మనిషికి గట్టిగా కట్టు కట్టి పడుకోబెట్టాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతూ ఉంటే, మందులకూ లొంగకపోతే, ఎవరైనా కాలివేళ్లను మెల్లగా పైకి వంచగానే పిక్కలో ప్రాణం పోయేంత నొప్పి పుడితే, అరికాలు తిమ్మిరెక్కితే అది లోపలి గది కేక. పాదంలో నాడి కొట్టుకుంటూనే ఉండొచ్చు. 'నాడి ఆడుతోంది, భయం లేదు' అనుకుని తెల్లారేదాకా ఆగిన ఇళ్లున్నాయి. కట్టు వెంటనే విప్పించి, పొరలు కోసి ఒత్తిడి దించగల సర్జన్ దగ్గరికి చేర్చాలి. ఆరు గంటలు దాటేకొద్దీ కండరం చచ్చిపోతుంటుంది. చచ్చిన కండరం తర్వాత ఎండిన తోలులా ముడుచుకుని వేళ్లను కొక్కేల్లా వంచేస్తుంది. కట్టు కట్టింది నాటు వైద్యుడైనా, ఆస్పత్రి అయినా ఈ గడియారం మారదు.

కాళ్లు ఇంకా కాళ్లుగానే బతుకుతున్న చోట్లు ఈ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే ఉన్నాయి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. దానికి ముందు మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి ఝరి (కలశం)లో గోదావరి జలం తెస్తారు. చెప్పులుండవు. అడవి బాటలు, వాగులు, రాళ్ల గట్లు. తిరిగొచ్చి కేస్లాపూర్ మర్రిచెట్ల నీడన బస చేస్తారు. తరాలుగా నడుస్తున్న ఆ పాదాలకు ఒక్కో రాయి ఒక్కో పాఠం. చెప్పుల్లేని నడకకూ పాదం వంపుకూ సంబంధం ఉందా అని కర్ణాటకలో ఇద్దరు వైద్యులు, రావు, బెంజమిన్ జోసెఫ్, 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూశారు. 1992లో ఫలితాలు అచ్చయ్యాయి. చెప్పులూ బూట్లూ వేసే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం, వట్టి కాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతం. నాలుగేళ్ల పిల్లాణ్ని బిగుతు బూట్లలో బిగించే తల్లిదండ్రులు ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోవాలి.

అయితే వట్టికాలి నడకకు ఒక షరతు ఉంది. అరికాలికి స్పర్శ ఉండాలి. అది పోయిన పాదాల కథ భైంసాకు దూరమేమీ కాదు.

భైంసా వాళ్లకు దగ్గరి రైలు స్టేషను బాసర. అక్కడ హైదరాబాద్ వైపు రైలెక్కితే బండి గోదావరి దాటి, నిజామాబాద్ దాటి, డిచ్‌పల్లిలో ఆగుతుంది. 1915లో అక్కడ కుష్ఠు రోగుల కోసం ఒక ఆస్పత్రి వెలిసింది. స్కాట్లాండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నిలబెట్టారు. రాజా నర్సా గౌడ్ ఇచ్చిన విరాళం తోడయింది. విక్టోరియా ఆస్పత్రి అని దానికి పేరు. ఊరి బయటికి తరిమేసిన మనుషులకు అక్కడ పడక దొరికింది, మందు దొరికింది. ఆ రోజుల్లో మందంటే హిడ్నోకార్పస్ గింజల నూనె సూదులు. బాధాకరమైన వైద్యమే అయినా వేరే దిక్కు లేదు. ఉమ్మడి ఆదిలాబాద్, నిజామాబాద్ పల్లెల్లో పాతతరం వాళ్లకు డిచ్‌పల్లి అంటే ఇప్పటికీ ముందు ఆ ఆస్పత్రే.

కుష్ఠు క్రిమికి చల్లటి చోటు ఇష్టం. చర్మం కిందనే, పైపైన పోయే నరాలను పట్టుకుంటుంది. మోకాలికి బయటి వైపు, కొంచెం కింద, ఒక ఎముక బుడిపె తగులుతుంది. దాని మెడ చుట్టూ చర్మానికి ఆనుకుని ఒక నరం పోతుంది. పాదాన్ని పైకెత్తే కండరాలన్నీ దాని మాట వింటాయి. అది దెబ్బతింటే పాదం వేలాడిపోతుంది. మనిషి నీళ్లలో నడిచినట్టు మోకాలిని బాగా పైకెత్తి అడుగేస్తాడు. పాదం 'టప్' మని నేలను కొడుతుంది. గుమ్మం దగ్గర బొటనవేలు తగులుతుంది. చెప్పు జారిపోయినా తెలియదు. చీలమండ గుబ్బ వెనక, మనం ఇందాక నాడి చూసిన చోట, ఇంకో నరం కూడా దెబ్బతినొచ్చు. అప్పుడు అరికాలు మొద్దుబారి, ముల్లు దిగినా తెలియక పుండ్లు పడతాయి.

అన్నీ పోయినట్టే ఉంటుంది. కానీ పిక్క లోపలి కండరాలకు కబురు వచ్చే దారి వేరు. వాటికి వెళ్లే నరం కొమ్మలు మోకాలి వెనక, పిక్క పైభాగంలో, లోతుగా, ఒంటి వెచ్చదనంలో విడిపోతాయి. క్రిమి అక్కడికి సాధారణంగా వెళ్లదు. ముందువైపు కండరాలన్నీ పడిపోయిన కాలిలో కూడా టిబియాలిస్ పోస్టీరియర్ నిక్షేపంగా బతికి ఉంటుంది. సర్జన్లు పట్టుకున్నది ఈ కీలకాన్నే.

డాక్టర్ పాల్ బ్రాండ్ తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టాడు. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలకు వచ్చి, కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులను, కాళ్లను సరిచేయడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. బతికున్న కండరాన్ని తెచ్చి చచ్చినదాని స్థానంలో కూర్చోబెట్టడం ఆ శస్త్రచికిత్సల సారం. వేలాడే పాదానికి టిబియాలిస్ పోస్టీరియర్‌ను వాడారు. చెంగల్పట్టు కేంద్ర కుష్ఠు సంస్థలో పనిచేసిన డాక్టర్ హెచ్. శ్రీనివాసన్, సహచరులు ఆ తాడును రెండు పాయలుగా చీల్చి కట్టే పద్ధతిని 1968లో ప్రకటించారు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రాణీ కుముదినీదేవి 1958లో స్థాపించిన శివానంద పునరావాస కేంద్రం ఇలాంటి రోగులకు తెలుగునేల మీద పెద్ద ఆసరా అయింది.

శస్త్రచికిత్స తీరు ఇది. పాదం లోపలి అంచున ఆ తాడును ఎముక నుంచి విడదీస్తారు. పిక్క వైపు కోసిన గాటులోంచి దాన్ని పైకి లాగుతారు. తెల్లగా, మెరుస్తూ, పట్టుదారం పేటలా బయటికి వస్తుంది. దాన్ని కాలి ముందువైపుకు తిప్పుతారు. కొందరు ఎముకను చుట్టి తెస్తారు, కొందరు రెండు ఎముకల మధ్య పొరకు కిటికీ కోసి అందులోంచి తెస్తారు. రెండు పాయల్లో ఒకటి బొటనవేలిని ఎత్తే తాడుకు, రెండోది మిగతా వేళ్లను ఎత్తేవాటికి కలిపి కుడతారు. ఎంత బిగించాలన్నది సర్జన్ చేతివాటం. వదులైతే పాదం లేవదు, మరీ బిగిస్తే కిందికి దిగదు. తర్వాత కొన్ని వారాలు సిమెంటు కట్టు.

ఈ మందుల కాలంలో ఏ కాలికీ ఆ గతి పట్టనక్కర్లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. స్పర్శ లేని పాలిపోయిన మచ్చను తొలిదశలోనే చూపిస్తే నరం దక్కుతుంది. 2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు పదివేలకు ఒకరికంటే తక్కువకు దిగింది. దిగిందే తప్ప పోలేదు. మచ్చను దాచుకునే భయం కూడా ఇంకా పోలేదు. కుష్ఠు వల్ల మొద్దుబారిన అరికాళ్లకు ఇప్పుడు షుగరు వల్ల మొద్దుబారుతున్నవీ జతయ్యాయి. షుగరు ఉన్నవాళ్లు కూడా రోజూ రాత్రి పడుకునే ముందు అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవాలి.

కట్టు విప్పిన రోజుకు మళ్లీ వద్దాం. రోగి మంచం అంచున కూర్చుని ఉంటాడు. కాలు సన్నబడి, చర్మం పొట్టు రేగి ఉంటుంది. కొత్తగా ముందుకు వచ్చిన కండరానికి తన కొత్త పని తెలియదు. పుట్టినప్పటి నుంచి పాదాన్ని కిందికి, లోపలికి లాగడమే దానికి అలవాటు. మెదడుకూ అంతే తెలుసు. 'పాదం పైకెత్తు' అంటే ఏమీ కదలదు. అందుకే ఫిజియోథెరపిస్టు ఆ మాట అనరు. కాలి ముందువైపు, చర్మం కింద కొత్త తాడు ఉన్నచోట రోగి వేలినే తీసి పెడతారు. "పాదం లోపలికి తిప్పినట్టు అనుకో, పెద్దనాయనా. కదిలించకు, ఊరికే అనుకో" అంటారు. రోగి కళ్లు మూసుకుంటాడు. ఒకసారి, రెండుసార్లు ఏమీ లేదు. మూడోసారి వేలి కింద ఏదో బిగుస్తుంది. ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచి చూస్తాడు. ఏళ్లుగా వేలాడుతున్న పాదం, రెండు వేళ్ల ఎత్తు, పైకి లేచి ఉంటుంది.